బిళ్ళగన్నేరు ఆకు నమలవచ్చునా?

మధుమేహానికి రోజూ నాలుగు బిళ్ళగన్నేరు ఆకులు నమలమని ఇరుగుపొరుగువారు చెప్పడం పరిపాటి. ఈ మొక్క పుట్టిల్లు మడగాస్కర్ ద్వీపం. చరక సుశ్రుతాదులలో దీనికి ప్రమాణం వెతకడం వృథా.

దీని కణాలలో స్ట్రిక్టోసిడిన్ సింథేజ్ అనే ఎంజైము ఉన్నది. అది ట్రిప్టమిన్, సెకోలోగానిన్ అనే రెండు పదార్థాలను జతపరచి స్ట్రిక్టోసిడిన్‌ను తయారుచేస్తుంది. ఒకే పిండితో ఇడ్లీ, అట్టు, పునుగు అయినట్లే, ఆ ఒక్క పదార్థం నుండి అనేక ఆల్కలాయిడ్లు పుడతాయి. రక్తపోటును తగ్గించే రిసర్పిన్ సర్పగంధిలో ఈ మార్గాననే తయారవుతుంది. బిళ్ళగన్నేరులో మాత్రం మరెన్నో మెట్లు దాటి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ ఏర్పడతాయి. ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి!

1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రజ్ఞులు మధుమేహం కోసమే ఈ ఆకు సారాన్ని ఎలుకలపై పరీక్షించారు. చక్కెర తగ్గలేదు; తెల్లరక్తకణాలు పడిపోయాయి. 1958లో వెలుగుచూసిన విన్‌బ్లాస్టిన్ క్యాన్సర్ మందైనది ఆ గుణం వల్లనే. ఆ మందును నేటికీ వైద్యులు రక్తకణాలను లెక్కించుకుంటూ నరంలోనికి ఎక్కిస్తారు. పెరటి ఆకులో ఏది ఎంత ఉన్నదో కొలిచేదెవరు?

పూలు పూజకు నిరభ్యంతరంగా కోసుకోవచ్చును. ఆకు నమలరాదు; గర్భిణులు బొత్తిగా ముట్టరాదు. ఇప్పటికే నములుతున్నవారు మానివేసి, ఆ సంగతి వైద్యునికి దాచకుండా చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.