ఎముక పెరిగినా బలం పెరగదు: ఫ్లోరోసిస్ కథ

ఎముక అంటే రాయిలా మార్పులేని పదార్థమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది సజీవ కణజాలం. అందులో జీవితాంతం రెండు పనులు జరుగుతూనే ఉంటాయి. ఆస్టియోబ్లాస్టులు అనే కణాలు కొత్త ఎముకను నిర్మిస్తాయి. ఆస్టియోక్లాస్టులు అనే కణాలు పాత ఎముకను కరిగిస్తాయి. ఈ రెండు పనుల మధ్య సమతౌల్యం ఉన్నంతకాలం ఎముకలు ఆరోగ్యంగా ఉంటాయి. అది దెబ్బతింటే ఎముక అవసరానికి మించి పెరగవచ్చు.

ఇందుకు కారణాలు పలురకాలు. పెద్దవారిలో పెరుగుదల హార్మోను ఎక్కువైతే చేతులు, పాదాలు, దవడ ఎముకలు పెద్దవయ్యే ఆక్రోమెగాలి వస్తుంది. జన్యులోపం వల్ల పాత ఎముక కరగకపోతే ఆస్టియోపెట్రోసిస్ వస్తుంది. ఇవి అరుదైన వ్యాధులు. తెలుగునేలపై ఊళ్లకు ఊళ్లనే పీడించిన వ్యాధి మరొకటి ఉంది. అది తాగేనీటి ద్వారా వచ్చే అస్థిపంజర ఫ్లోరోసిస్.

ఎప్పుడు, ఎక్కడ గుర్తించారు?

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే నలుగురు పరిశోధకులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ వ్యాధిని ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వివరించారు. రోగులు నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాల పల్లెవాసులు. వారి వెన్నెముక కర్రలా బిగుసుకుపోయింది. 1955లో నల్గొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, చండూరు ప్రాంతాలు ఈ బాధకు పేరుపడ్డాయి.

నీటిలోకి ఫ్లోరైడ్ ఎలా వస్తుంది?

ఈ ప్రాంతాల్లో భూమి అడుగున గ్రానైట్ రాళ్లు ఉన్నాయి. వాటిలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. భూగర్భజలం ఏళ్ల తరబడి ఆ రాళ్ల పగుళ్లలో నిలిచినపుడు ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా కరిగి నీటిలో చేరుతుంది. నీటిలో క్షారగుణం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ కరుగుతుంది. ఆ నీటికి రంగు, వాసన మారవు. అందుకే ప్రమాదం కంటికి కనబడదు.

వాననీటిలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. ఉదాహరణకు అండమాన్‌లో లంబాలైన్ వంటి పేటలున్న పోర్ట్‌బ్లెయిర్ పట్టణాన్ని తీసుకోండి. 2024లో దీని పేరు శ్రీవిజయపురంగా మారింది. ఈ పట్టణానికి ప్రధాన నీటి వనరు ధనికారి జలాశయం. అందులో చేరేది వాననీరు. లోతైన బోరునీటిలా అది ఏళ్ల తరబడి రాతి పగుళ్లలో నిలిచి ఉండదు. అంటే ఏ నీరు తాగుతున్నామన్నది ఎముకల ఆరోగ్యానికి ముఖ్యమన్నమాట.

శరీరంలో ఏం జరుగుతుంది?

తాగిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రం ద్వారా బయటకు పోతుంది. శరీరంలో మిగిలిన దానిలో దాదాపు 99 శాతం ఎముకల్లో, దంతాల్లో చేరుతుంది. ఎముకలోని ముఖ్య ఖనిజం హైడ్రాక్సీ అపటైట్. ఫ్లోరైడ్ అయాను అందులోని హైడ్రాక్సిల్ అయాను స్థానాన్ని ఆక్రమిస్తుంది. అంతేకాక, ఎముకను నిర్మించే కణాలను ప్రేరేపిస్తుంది. ఎముక మందమవుతుంది. ఎక్స్‌రేలో వెన్నుపూసలు, కటి ఎముకలు మరీ తెల్లగా కనిపిస్తాయి.

అయితే అలా పెరిగిన ఎముకకు సరైన అమరిక ఉండదు. చూడటానికి దట్టంగా ఉన్నా అది పెళుసుగా ఉంటుంది. పెరుగుదల ఎముకతోనే ఆగదు. కీళ్లను పట్టి ఉంచే బంధనాలు కూడా గట్టిపడతాయి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఉండే పొర సైతం ఎముకగా మారుతుంది. ఎక్స్‌రేలో ఫ్లోరోసిస్‌ను పోల్చుకోవడానికి వైద్యులకు ఇదొక ముఖ్యమైన గుర్తు. వెన్నెముక లోపలి మార్గం ఇరుకైతే వెన్నుపాము నలిగి కాళ్లు, చేతులు చచ్చుబడతాయి.

పిల్లల్లో మొదట దంతాలపై సుద్దరంగు లేదా గోధుమరంగు మచ్చలు కనిపిస్తాయి. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మరో రూపాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. ఇందులో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతాయి. ఆహారంలో కాల్షియం లోపిస్తే ఈ వ్యాధి మరింత తీవ్రమవుతుంది.

గుర్తించడం ఎలా?

మూడు సులభమైన పరీక్షలు ఉన్నాయి. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లను అందుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులను తల వెనక్కు చేర్చడం. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లో ఇవి చేయలేనివారు వైద్యుణ్ణి సంప్రదించాలి. కీళ్లనొప్పులకు వేరే కారణాలూ ఉంటాయి కనుక నిర్ధారణ వైద్యుడే చేయాలి.

నివారణ

ఒకసారి బిగుసుకుపోయిన వెన్నెముకను తిరిగి మామూలుగా మార్చే మందు లేదు. నలిగిన వెన్నుపాముపై ఒత్తిడిని శస్త్రచికిత్సతో కొందరిలో తగ్గించవచ్చు. కనుక నివారణే అసలైన వైద్యం.

భారత ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ నల్గొండ విధానాన్ని రూపొందించింది. ఇందులో నీటికి సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పి, తేర్చి, పైనున్న తేటనీటిని తీసుకుంటారు. పటిక నుండి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతుంది. ప్రతి ఊరి నీటికీ మోతాదు వేరుగా లెక్కించాలి. అది తప్పితే అల్యూమినియం నీటిలో మిగిలిపోతుంది. అందువల్ల రోజూ శ్రద్ధగా నిర్వహించడం కష్టమైంది.

శాశ్వత పరిష్కారం బోరునీటికి బదులు నదీజలం అందించడమే. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి నీటిని శుద్ధి చేసి పైపుల ద్వారా ఇళ్లకు చేర్చింది. అయినా అంతకుముందే వంగిపోయిన ఎముకలు నిటారు కావు. వారికి వైద్యం, పోషకాహారం, ఆసరా అవసరం. కుళాయి నీరు రానిరోజున మళ్లీ బోరునీరు తాగకుండా చూసుకోవడం కూడా అంతే అవసరం.

సారాంశం

ఎముక ఎక్కువగా పెరిగినంత మాత్రాన బలం పెరగదు. సరైన చోట, సరైన అమరికలో ఉన్న ఎముకే బలమైనది. ఫ్లోరోసిస్‌ను నయం చేయడం కష్టం, రాకుండా ఆపడం సాధ్యం.

ఆలోచించండి

1. ఫ్లోరోసిస్‌లో ఎముక దట్టంగా ఉన్నా ఎందుకు పెళుసుగా ఉంటుంది?
2. బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా, వాననీటిలో తక్కువగా ఉండటానికి కారణమేమిటి?
3. మీ ఇంట్లో తాగే నీరు ఎక్కడినుండి వస్తోంది? దాన్ని ఎప్పుడైనా పరీక్షించారా?