మిట్ట మీద ఆగిన చిన్న కారు

కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, రేపల్లె, వాటికి నైరుతి దిశలో సముద్రతీరానికి చేరువలో ఉన్న బాపట్ల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న ఊళ్లు కావడం వల్ల, ఇక్కడ కారు నేర్చుకొనేవారికి కొండదారి అనుభవం దాదాపుగా దక్కదు. అంతమాత్రాన ఈ ప్రాంతంలో ఎక్కుడు దారులు లేవనుకోవడం పొరపాటు; నేల ఇవ్వని మిట్టలను కాలువలు, రైలుమార్గాలు, వరద భయం మనుషుల చేతనే కట్టించాయి. రైలు పట్టాల మీదుగా వెళ్లే వంతెనలు, కాలువ వంతెనలకు ఇరువైపులా ఉండే వాలులు, రేపల్లె వైపు కృష్ణ కరకట్ట మీదికి ఎక్కే దారులు అటువంటివే. కొండదారిలో వాహనాలు సాధారణంగా ఆగకుండా సాగిపోతాయి. వంతెన వాలు మీద మాత్రం ముందు ధాన్యం ట్రాక్టరు, వెనుక బంపరుకు ఆనుకొన్నట్టుగా ఆటో నిలిచి ఉండగా, సగం ఎక్కిన చోట ఆగి మళ్లీ కదలవలసి వస్తుంది. కొత్త డ్రైవరుకు ఇంజిన్ ఆగిపోయేదీ, బండి వెనక్కి దిగేదీ సరిగ్గా అక్కడే.

ఈ ఇబ్బందికి వాలే కారణమని చాలామంది భావిస్తారు గాని, లెక్క వేసి చూస్తే అసలు కారణం వేరుగా కనిపిస్తుంది. మైదాన ప్రాంతపు రోడ్లకు భారత రహదారుల కాంగ్రెస్ నిర్దేశించిన సాధారణ వాలు 30కి 1, అంటే ముప్పై మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు; తప్పనిసరి పరిస్థితుల్లో అనుమతించేది 15కి 1. నలుగురు ఎక్కిన చిన్న కారు బరువు సుమారు 1,100 కిలోలు అనుకొంటే, మొదటి రకం వాలు మీద దానిని వెనక్కి లాగే బలం దాదాపు 37 కిలోల బరువుతో, రెండవ రకం మీద దాదాపు 73 కిలోల బరువుతో సమానం. డెల్టా రైతు లెక్కలో చెప్పాలంటే మొదటిది అర ధాన్యం బస్తా, రెండవది ఇంచుమించు నిండు బస్తా. ఆల్టో 800 వంటి కారులో ఉండే 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్ తిప్పుబలాన్ని మొదటి గేరు పది రెట్లకు మించి పెంచి చక్రాలకు అందిస్తుంది కనుక, ఈ భారం దానికి ఏమంత పెద్దది కాదు.

మరి ఇంజిన్ ఎందుకు ఆగిపోతుంది? తిరుగుతున్న ఇంజిన్‌కూ, కదలకుండా ఉన్న చక్రాలకూ మధ్య సంబంధం కలిపే భాగం క్లచ్. పెడల్ తొక్కి ఉంచినంతసేపు క్లచ్ ప్లేటు ఇంజిన్ వెనుక ఉండే బరువైన ఫ్లైవీల్‌కు దూరంగా ఉంటుంది. పెడల్ వదులుతున్న కొద్దీ ప్లేటు ఫ్లైవీల్‌కు రాసుకొంటూ, క్రమంగా బిగుసుకొని, చివరకు దానితో కలిసి తిరుగుతుంది. రాపిడి మొదలై శక్తి చక్రాలకు అందడం ఆరంభమయ్యే ఈ దశనే డ్రైవర్లు హాఫ్ క్లచ్ అంటారు. ఆ దశలో కాలు నిలపకుండా పెడల్‌ను ఒక్కసారిగా వదిలేస్తే, కదలని చక్రాలు తిరుగుతున్న ఇంజిన్‌ను పట్టి ఆపేస్తాయి. రేజ్ ఇవ్వని స్థితిలో నిమిషానికి సుమారు 800 చుట్లు మాత్రమే తిరిగే చిన్న ఇంజిన్ ఆ కుదుపును తట్టుకోలేదు. సమతలం మీద ఎలాగో గట్టెక్కించే కొద్దిపాటి మిగులు బలాన్ని వాలు మింగేస్తుంది. ఏసీ నడుస్తూ ఉంటే దాని కంప్రెసర్ కూడా అదే ఇంజిన్ మీద ఆధారపడుతుంది కాబట్టి, నేర్చుకొనే రోజుల్లో మిట్ట ఎక్కే ముందు ఏసీ కట్టేయడం మంచిది.

బండిని నిలబెట్టే పనిని హ్యాండ్ బ్రేకుకు అప్పగిస్తే రెండు పాదాలకూ వేరే పనికి వెసులుబాటు దొరుకుతుంది. తీగ ద్వారా వెనుక చక్రాలను పట్టి ఉంచే ఈ బ్రేకును ముందుగా గట్టిగా లాగి, మొదటి గేరు వేసి, కుడికాలితో కొద్దిగా రేజ్ ఇచ్చి ఇంజిన్ వేగాన్ని సుమారు 1,500 చుట్లకు తెచ్చి, ఎడమకాలి మడమను నేలకు ఆనించి క్లచ్‌ను నెమ్మదిగా పైకి రానివ్వాలి. ఒకచోట ఇంజిన్ ధ్వని బరువెక్కుతుంది, బానెట్ ముందు అంచు కొద్దిగా పైకి లేస్తుంది, సీటు కింద సన్నని అదురు తెలుస్తుంది. అదే హాఫ్ క్లచ్. పాదాన్ని అక్కడే ఆపి, హ్యాండ్ బ్రేకు మీట చివరి బొత్తాన్ని నొక్కి పూర్తిగా దించితే కారు ముందుకే కదులుతుంది. అది ఒకటి రెండు మీటర్లు సాగిన తరువాతనే క్లచ్‌ను పూర్తిగా వదలాలి. అనుభవజ్ఞులు హ్యాండ్ బ్రేకు వాడకుండా, కుడికాలు ఫుట్ బ్రేకు మీద ఉండగానే హాఫ్ క్లచ్‌కు వచ్చి, ఆ పట్టు దొరికాక కాలిని చప్పున యాక్సిలరేటర్ మీదికి మారుస్తారు. స్వల్పమైన వాలు మీద ఇది సరిపోతుంది గాని, బండి వెనుక జాగా లేనప్పుడు మొదటి పద్ధతే క్షేమం.

ఇంజిన్ ఆగిపోతే వెంటనే తాళం తిప్పడం కన్నా బండిని నిలబెట్టడం ముఖ్యం. ఫుట్ బ్రేకుకు తోడ్పడే బూస్టరు ఇంజిన్ నడిస్తేనే బలం పుంజుకొంటుంది గనుక, ఇంజిన్ ఆగాక రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ బిగుసుకుపోతుంది. అందువల్ల వదలకుండా ఒకేసారి గట్టిగా తొక్కి పట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, క్లచ్ నొక్కి, ఆ తరువాతే స్టార్టు చేయాలి. ఇక వరుస కదిలేదాకా బండిని హాఫ్ క్లచ్ మీదే వేలాడదీసి నిలపడం కొందరికి అలవాటు. దానివల్ల ప్లేటు వేడెక్కి, కాలిన వాసన వచ్చి, తొందరగా అరిగిపోతుంది.

ఈ నైపుణ్యం కోరుకొన్నవారు మాత్రమే నేర్చుకొనేది కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 15వ నియమం, నిటారు ఎక్కుడు మీద ఆపిన వాహనాన్ని వెనక్కి జారనివ్వకుండా మళ్లీ కదిలించగలగడాన్ని లైసెన్సు పరీక్షలో భాగంగా పేర్కొంటుంది. డెల్టా ఊళ్లలో అభ్యాసానికి ముందుగా ఖాళీ మైదానంలో రేజ్ ఇవ్వకుండా, క్లచ్‌తోనే బండిని పదేపదే కదిలించి హాఫ్ క్లచ్ ఎక్కడ దొరుకుతుందో పాదానికి తెలియజేయాలి. ఆ తరువాత తెల్లవారుజామున, రద్దీ లేని కాలువ కట్ట వాలు మీద, తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకొని సాధన చేయాలి. కోటప్పకొండ, కొండవీడు ఘాట్ రోడ్లకు వెళ్లేది ఆ పైనే.

కొత్త కార్లలో వస్తున్న హిల్ హోల్డ్ సదుపాయం ఫుట్ బ్రేకు వదిలాక కూడా సుమారు రెండు సెకన్ల పాటు చక్రాలను పట్టి ఉంచి, పాదం మార్చుకొనే వ్యవధి ఇస్తుంది. అయితే అది బండి వెనక్కి జారకుండా మాత్రమే చూస్తుంది. క్లచ్‌ను తొందరపడి వదిలితే ఇంజిన్ ఆ కార్లలోనూ ఆగిపోతుంది. కాబట్టి గేర్ల కారు నడిపేవారు ఎంత కొత్త మోడల్ కొన్నా, ఎడమ పాదానికి ఈ నిదానం నేర్పక తప్పదు.