మీకు తెలుసా? ముహూర్తం వేళకు ఏ ప్రైమ్ లెన్సు?

బొబ్బిలిలో అర్ధరాత్రి ముహూర్తాలకు కొదవ లేదు. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు. మిర్రర్‌లెస్ కెమెరాకి ప్రైమ్ లెన్సు కొనేముందు ఇవి తెలుసుకోండి.

• ఎఫ్/1.8 లెన్సు ఎఫ్/4 జూమ్ కంటే దాదాపు 5 రెట్లు వెలుగు తెస్తుంది. ఐఎస్‌ఓ 6400 అవసరమైన చోట 1250 దరిదాపుల్లో సరిపోతుంది.

• వెలుగు ఎక్కువున్నంత మాత్రాన ఫోకస్ వేగంగా పడదు. వేగం లోపలి మోటారుది. సోనీ ఎఫ్‌ఈ 50 ఎం.ఎం. ఎఫ్/1.8లో డీసీ మోటారు ఉంటే, 2017లో వచ్చిన 85 ఎం.ఎం. ఎఫ్/1.8లో రెండు లీనియర్ మోటార్లున్నాయి.

• ఫుల్‌ఫ్రేమ్‌పై 85 ఎం.ఎం. లెన్సును ఎఫ్/1.8 దగ్గర వాడితే, 2 మీటర్ల దూరంలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 6 సెంటీమీటర్లే. పెళ్లికూతురి కన్ను పదునుగా వచ్చి, పక్కనున్న పెళ్లికొడుకు మసకబారవచ్చు. ఇద్దరూ కావాలంటే ఎఫ్/4కి తగ్గించండి.

• తలంబ్రాల వేళ చుట్టాలు మూగి వెనక్కి జరిగే చోటుండదు. అక్కడ 35 ఎం.ఎం. ఆదుకుంటుంది. మొదట కొనాల్సింది అదే. ఏపీఎస్-సీ కెమెరా అయితే 23 ఎం.ఎం. తీసుకోండి.

• మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. సైలెంట్ షట్టర్‌లో ఫొటోపై చారలు పడొచ్చు. మెకానికల్ షట్టర్ పెట్టి, 1/100 దగ్గర తీయండి.

• కొనేముందు ఒక రాత్రి అద్దెకు తెచ్చి, మండపం దీపాల కింద నడిచొచ్చే మనిషి కంటిమీద ఫోకస్ నిలుస్తుందో లేదో పరీక్షించండి.