పాత బెంజి లారీకి కొత్త ఇంజను

అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ముందే పిండేస్తాయి. ఈశాన్య రుతుపవనం కోస్తా దాటి ఈ పీఠభూమికి చేరేసరికి చిక్కిపోతుంది. బోరు ఎండిన ఊళ్లో జనం ట్యాంకరు కోసం ఎదురుచూస్తారు. దేశమంతా తిరిగి అలసిన లారీకి ఈ సీమలో చివరి కొలువు చాలాసార్లు నీళ్లు మోయడమే. తొట్టి విప్పేసి ట్యాంకు బిగిస్తారు. బోరు దగ్గర నింపుకుని ఊళ్లో పోసి రావడమే ఇక దాని పని. 2016 ఆగస్టులో వాడిపోతున్న వేరుశనగను కాపాడడానికి నీళ్లు చిమ్మే రెయిన్ గన్‌లు తెచ్చినప్పుడు కూడా ట్యాంకర్లు లేకుండా పని సాగలేదు.

అలాంటి లారీల్లో పెద్ద తరం టాటా 1210. పేరులో 12 అంటే సరుకుతో కలిపి సుమారు 12 టన్నుల బరువు, 10 అంటే నూరు హార్స్‌పవర్‌కు దగ్గర. దాన్ని తుక్కుకు అమ్మకుండా, ఇప్పటి ఇంజను, ఇప్పటి స్ప్రింగు కమాన్లు పెట్టి మళ్లీ రోడ్డెక్కించాలని యజమానులకూ మెకానిక్కులకూ మనసవుతుంది. మంచి కోరికే. అయితే అందరి చూపూ ముందు ఇంజను మీదికే పోతుంది. నా లెక్క వేరు: ముందు బ్రేకు, తర్వాత కమాను, ఆఖరున ఇంజను. కారణం చెప్పాలంటే ఈ బండి పూర్వీకుల దగ్గర మొదలుపెట్టాలి.

స్వాతంత్ర్యానికి ముందు మన రోడ్ల మీద తిరిగినవి ఎక్కువగా అమెరికా, ఇంగ్లండు పెట్రోలు లారీలు: షెవర్లే, ఫోర్డ్, డాడ్జ్, బెడ్‌ఫర్డ్. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలోని సేవ్రీలో విడిభాగాలు తెప్పించుకుని బళ్లు బిగించేది. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ రాగానే బొగ్గు బస్సులు, బొగ్గు లారీలు బయల్దేరాయి. బండికి ఒక ఇనప పీపా తగిలించి, అందులో కణకణలాడే బొగ్గుకు చాలీచాలని గాలి పంపేవారు. గాలి చాలకపోతే బొగ్గు పూర్తిగా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. అది మండే వాయువు. దాన్ని చల్లార్చి, వడగట్టి అదే పెట్రోలు ఇంజనులోకి వదిలేవారు. ఆ వాయువులో సగం దాకా గాలితో వచ్చిన నైట్రోజనే. అది మండదు కాబట్టి ఇంజను బలం మూడో వంతు, ఒక్కోసారి సగం పడిపోయేది. అయినా ఆ బళ్లు నడిచాయి, నడిపించారు. చేతిలో ఉన్న ఇంజనును దొరికిన ఇంధనానికి ఒప్పించే విద్య మన షెడ్లకు అప్పటి నుంచీ ఉంది.

యుద్ధం ముగిశాక పెర్కిన్స్ పి6 వచ్చింది. ఇంగ్లండులోని పీటర్‌బరో కంపెనీ 1937లో విడుదల చేసిన ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను అది. అప్పటిదాకా డీజిల్ ఇంజనంటే బరువైనది, నిదానంగా తిరిగేది. పి6 వేగంగా తిరుగుతుంది, పైగా పెట్రోలు ఇంజను దింపిన జాగాలో ఇమిడిపోతుంది. మద్రాసులోని సింప్సన్ కంపెనీ 1950లలో పెర్కిన్స్‌తో కలిసి ఆ ఇంజన్లు ఇక్కడే తయారు చేయడం మొదలుపెట్టింది. పెట్రోలు లారీలు డీజిలు లారీలయ్యాయి. ఇవాళ పాత లారీకి కొత్త ఇంజను వేస్తున్నవాళ్లు ఆ మెకానిక్కుల బాటలోనే నడుస్తున్నారు.

టాటాల కంపెనీ టెల్కో కథ ఇక్కడ కలుస్తుంది. 1945లో పుట్టి జంషెడ్‌పూర్‌లో రైలింజన్లు చేసిన ఆ సంస్థ, 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం రాసుకుని లారీల్లోకి దిగింది. 1969 దాకా ఆ బళ్ల ముఖాన బెంజ్ నక్షత్రం ఉండేది, అందుకే జనం నోట అవి బెంజి లారీలయ్యాయి. వాటి ఓఎం-312 ఇంజనులో ఆరు సిలిండర్లు. ఒక్కోదాని బోరు 90 మిల్లీమీటర్లు, స్ట్రోకు 120, మొత్తం సుమారు 4.6 లీటర్లు. నక్షత్రం పోయాక కూడా ఇంజను వంశం ఆగలేదు. టాటా 692 అంటే ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు. 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. దాని పరిమాణం 5.7 లీటర్లకు చేరువ. 1993లో టాటా కమిన్స్ సంస్థ ఏర్పడ్డాక 5.9 లీటర్ల కమిన్స్ ఇంజను వచ్చింది.

ఈ వంశవృక్షంలో అసలు మలుపు డీజిలు మండే చోటు మారడం. పాత 312లో డీజిలును సిలిండరులోకి సూటిగా చల్లరు. హెడ్డులో చిన్న గది ఒకటి ఉంటుంది, మంట అక్కడ రాజుకుని సన్నని రంధ్రాల గుండా పిస్టను మీదికి ఉరుకుతుంది. శబ్దం తక్కువ, నాజిల్ కాస్త అరిగినా సర్దుకుపోతుంది. కానీ ఆ గది గోడలు మంట వేడిలో కొంత భాగాన్ని రేడియేటరు నీళ్లపాలు చేస్తాయి. తర్వాతి తరంలో డీజిలు నేరుగా పిస్టను నెత్తిన ఉన్న గుంటలో పడి మండుతుంది. వృథా తగ్గి, అదే పనికి డీజిలు తక్కువ పడుతుంది. దానికి టర్బో తోడైతే పొగ గొట్టంలో పోయే వేడి గాలే ఒక చక్రాన్ని తిప్పి, సిలిండర్లలోకి ఎక్కువ గాలి కుక్కుతుంది.

ఇంతటి ఇంజనును పాత ఛాసిస్ మీద కూర్చోబెడితే ఏమవుతుందో లెక్క వేద్దాం. 9.00-20 టైరు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 3.1 మీటర్లు కదులుతుంది. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1,000 మీటర్లు, అంటే చక్రం 320 చుట్లకు పైగా తిరగాలి. వెనక హౌసింగులోని క్రౌన్, పినియన్ నిష్పత్తి 7 అనుకుంటే టాప్ గేరులో ఇంజను 2,260 చుట్లు తిరగాల్సి వస్తుంది. 2,800 దాకా తిరిగే పాత ఇంజనుకు అది సుఖమైన చోటు. టర్బో ఇంజను బలం 1,500 చుట్ల దగ్గర ఉంటుంది, ఆపైన ఊరికే అరుస్తుంది, డీజిలు తాగుతుంది. నిష్పత్తిని 5కు మారిస్తే అదే వేగానికి 1,610 చుట్లు చాలు. ఇంజను మార్చి క్రౌన్ మార్చకపోతే ఖర్చు సగం వృథా.

ఇంకో చిక్కు ఉంది. పాత ఇంజను టార్కు 300 న్యూటన్ మీటర్లు, కొత్తది 400 అనుకుందాం. మొదటి గేరు దాన్ని 7 రెట్లు, క్రౌన్ మళ్లీ 7 రెట్లు పెంచుతాయి. పాతదానితో వెనక యాక్సిల్ షాఫ్టుల మీద పడేది 14,700, కొత్తదానితో 19,600. క్లచ్ ప్లేటు, గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు, క్రౌన్ పళ్లు, షాఫ్టులు, అన్నీ ఆ ఎక్కువను మోయాలి. వాటిలో బలహీనమైనది ముందు తెగుతుంది, అదీ నిండు ట్యాంకుతో గట్టు ఎక్కేటప్పుడు తెగుతుంది.

అనంతపురం ఎండ, దుమ్ము ఈ లెక్కలోకి రావాల్సిందే. మండిన డీజిలు శక్తిలో మూడో వంతుకు దగ్గర దగ్గరగా ఇంజనును చల్లార్చే నీళ్లలోకే పోతుంది. 40 డిగ్రీలు దాటిన మే నెల మధ్యాహ్నం పాత రేడియేటరు ఆ వేడిని వదిలించుకోలేదు. పెద్ద రేడియేటరు, తగిన ఫ్యాను లేకుండా పెద్ద ఇంజను పెట్టడం హెడ్ గ్యాస్కెట్‌ను చేజేతులా కాల్చుకోవడమే. ఇక హగరి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుక మేటలు పొలాల్లోకి పాకిన ప్రాంతం ఇది. నిమిషానికి లక్ష చుట్లకు చేరువగా తిరిగే టర్బో రెక్కకు సన్నటి ఇసుకే ఉలి. నూనె తొట్టి ఉన్న పాత ఎయిర్ ఫిల్టరుతో టర్బో బతకదు. మంచి పేపరు ఫిల్టరు, గాలి చొరని హోసు బిగింపు తప్పనిసరి.

ఇప్పుడు కమాన్ల దగ్గరికి వద్దాం. పాత లారీ కింద ఉండేది ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్ట. పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, ఆ రాపిడే కుదుపును కొంత మింగుతుంది. అయితే ఖాళీ బండి బరువు ఆ రాపిడిని గెలవలేదు. కట్ట అంతా ఒకే ఇనుప దిమ్మెలా బిగుసుకుని, గుంట పడ్డప్పుడల్లా ఛాసిస్‌నే కొడుతుంది. బరువుకు కమాను ఎంత దిగితే ఊపు అంత నిదానంగా ఉంటుంది. నిండు ట్యాంకు కింద వెనక కమాను 10 సెంటీమీటర్లు దిగితే బండి సెకనుకు సుమారు 1.6 సార్లు ఊగుతుంది. ఖాళీ అయ్యాక బరువు నాలుగో వంతుకు పడి 2.5 సెంటీమీటర్లే దిగితే ఆ లెక్క 3.2 దాకా పోతుంది. మన ఒంటికి బాగా బాధ కలిగించే 4 నుంచి 8 మధ్య ఊపులకు అది దగ్గరే. ఖాళీ ట్యాంకరు నడిపే డ్రైవరు నడుము ఎందుకు పట్టేస్తుందో ఈ అంకెలు చెబుతాయి. ట్యాంకరు పోతూ నిండుగా, వస్తూ ఖాళీగా ఉంటుంది కాబట్టి ఇది రోజూ ఉండే గోస.

పారాబోలిక్ కమాను ఇందుకు మంచి మందు. ఇందులో రెండు నుంచి నాలుగు పట్టీలే ఉంటాయి. ఒక్కో పట్టీ మధ్యలో మందంగా, కొసలకు పోయేకొద్దీ పారాబోలా గీత ప్రకారం పలచబడుతుంది. దానివల్ల పొడవునా ఉక్కు మీద ఒత్తిడి సమానంగా పడుతుంది, తక్కువ ఉక్కుతో అదే బరువు మోస్తుంది. పట్టీల నడుమ సందు ఉండడంతో రాపిడి పోతుంది. రాపిడి పోయింది కాబట్టి ఊపును ఆపే షాక్ అబ్జార్బర్లు తప్పక వేయాలి. అవి లేకుండా పారాబోలిక్ వేస్తే బండి ఊగుతూనే ఉంటుంది. గాలి బుడ్డీల సస్పెన్షన్ ఇంకా మేలైనది. బరువును బట్టి గాలి ఒత్తిడి మారుతుంది, నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా ఊపు దాదాపు ఒకటే. కానీ దానికి మంచి కంప్రెసరు, తేమ తీసే డ్రయ్యరు, ఎత్తు చూసుకునే వాల్వులు కావాలి. తుమ్మ ముళ్లు, రాళ్లు ఉన్న పొలం బాటల్లో తిరిగే ట్యాంకరుకు నేనైతే పారాబోలిక్ కమానే చెబుతాను.

ట్యాంకుకూ ఒక మాట. 10,000 లీటర్ల ట్యాంకంటే నీళ్లే 10 టన్నులు. 12 టన్నుల బండికి సొంత బరువు, ట్యాంకు బరువు తీసేస్తే 7,000 లీటర్లకు మించి మోసే హక్కు లేదు. సగం నిండిన ట్యాంకు మరీ ప్రమాదం. నాలుగు మీటర్ల ట్యాంకులో 60 సెంటీమీటర్ల లోతున నీళ్లుంటే అల ముందుకూ వెనక్కూ పోయి రావడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. డ్రైవరు బ్రేకు వేసి బండిని అదుపు చేశానని అనుకున్నాక ఆ అల వచ్చి ముందు గోడను గుద్దుతుంది. ట్యాంకు లోపల రంధ్రాలున్న అడ్డుపలకలు వెల్డింగ్ చేయించడం ఏ ఇంజను మార్పుకన్నా చవక, అంతకన్నా ముఖ్యం.

బ్రేకు ఎందుకు మొదటిదో ఇక తేలిగ్గా తెలుస్తుంది. 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్న 12 టన్నుల బండిని ఆపితే పుట్టే వేడి 5 లీటర్ల నీళ్లను మరుగు దాకా తెస్తుంది. 80 మీద ఆపితే దాదాపు 9 లీటర్లను. వేగం పెరిగింది మూడో వంతే, వేడి మాత్రం ముప్పావు వంతుకు పైగా పెరిగింది. ఆ వేడంతా డ్రమ్ములు, లైనర్లే మింగాలి. కొత్త ఇంజను ఆ అదనపు వేగాన్ని సులువుగా ఇచ్చేస్తుంది, ఆపే పని మాత్రం పాత బ్రేకుల మీద వదిలేస్తుంది.

చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో రాసిన వివరాలు తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. 2021లో కేంద్రం యాభై ఏళ్లు దాటిన బళ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. అవి సొంత వాడకపు కార్లకూ మోటారు సైకిళ్లకూ మాత్రమే, అదీ ఛాసిస్, ఇంజను పెద్దగా మారకుండా ఉంటేనే. ఈ దేశపు ధాన్యం, సిమెంటు, నీళ్లు మోసిన లారీకి అందులో చోటు లేదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. లారీ చరిత్రే మార్పుల చరిత్ర. పెట్రోలు నుంచి బొగ్గుకు, బొగ్గు నుంచి డీజిలుకు మారుతూ బతికిన యంత్రానికి మారకుండా ఉండమనే షరతు పెడితే, దాని అసలు కథను తుడిచేసినట్టే. ఏ మార్పు ఎప్పుడు, ఏ భద్రతా పరీక్షతో జరిగిందో నమోదు చేసే పద్ధతిలో లారీలకూ ఒక వింటేజ్ తరగతి పెట్టాలి.

అది వచ్చేదాకా, మీ షెడ్డులో 1210 ఉంటే ఇంజను దింపక ముందే ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి ఏ మార్పుకు అనుమతి ఉంటుందో రాతపూర్వకంగా అడగండి. పాత ఇంజను నంబరు పలకను, కమాను పట్టీలను తుక్కులో వేయకండి. మార్చిన ప్రతి భాగం పేరూ తేదీతో ఒక పుస్తకంలో రాసి పెట్టండి.