ఎక్సెల్ అడక్కుండానే మార్చేస్తోందా? ఏది ఆపాలి, ఏది ఉంచుకోవాలి

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో జాబితా అంటే ఉత్త కాగితం కాదు. వాన ముఖం చాటేసిన ఏడాది వేరుశనగ రైతుకు రావాల్సిన ఇన్‌పుట్ సబ్సిడీ అయినా, పంటల బీమా అయినా, కూలి డబ్బులైనా, పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా, సర్వే నంబరు సరిపోతేనే చేతికందేది. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది కూడా ఈ గడ్డ మీదే. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. అప్పటి నుంచి ఇప్పటికి జాబితాలు పుస్తకాల్లోంచి కంప్యూటర్లలోకి వచ్చేశాయి. రైతు సంఘం లెక్కలైనా, మస్జిద్ కమిటీ రంజాన్ కిట్ల లిస్టయినా చాలామంది ఎక్సెల్‌లోనే రాస్తున్నారు.

ఇక్కడే ఒక చిక్కుంది. మనం కొట్టింది కొట్టినట్టు ఉంచడం ఎక్సెల్‌కు అలవాటు లేదు. ఇది తేదీ అయ్యుంటుంది, ఇది అంకె అయ్యుంటుంది, ఈ పేరు ఇందాకటిదే అయ్యుంటుంది అని తనే ఊహించుకుని మార్చేస్తుంది. అలాగని అన్ని హెచ్చరికలూ ఆపేయడం కూడా పొరపాటే. అడక్కుండా మార్చేవాటిని ఆపాలి, మార్చేముందు అడిగేవాటిని ఉంచుకోవాలి. తేడా అంతే.

పేరు తనే పూర్తి చేస్తే

ఒక కాలమ్‌లో పైన షేక్ మహబూబ్ బాషా అనే పేరుందనుకోండి. కింద వేరే మనిషి, పేరు షేక్ మహబూబ్ మాత్రమే. ఆ అక్షరాలతో మొదలయ్యే పేరు పైన ఒక్కటే ఉంటే, మీరు కొడుతుండగానే ఎక్సెల్ ‘బాషా’ను కూడా చేర్చి చూపిస్తుంది. చూడకుండా ఎంటర్ నొక్కితే ఇద్దరూ ఒక్కరైపోతారు. షేక్, సయ్యద్, పఠాన్ అని మొదలయ్యే పేర్లు, ఒకే ఇంటిపేరున్న కుటుంబాలు ఎక్కువగా ఉండే మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. రెండో ఆయన తన పేరు ఎందుకు లేదని తిరుగుతూనే ఉంటాడు.

ఆపాలంటే: ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ‘ఎనేబుల్ ఆటోకంప్లీట్ ఫర్ సెల్ వ్యాల్యూస్’ ముందున్న టిక్ తీసేయండి. దాని కిందే ఉండే ‘ఆటోమేటిగ్గా ఫ్లాష్ ఫిల్’ టిక్ కూడా తీసేస్తే ఇంకో తలనొప్పి తగ్గుతుంది. ఆపడం ఇష్టం లేకపోతే, తోక కనిపించినప్పుడు డిలీట్ నొక్కి, ఆ తర్వాత ఎంటర్ కొట్టండి. లిబ్రెఆఫీస్‌లో ఇదే పనికి టూల్స్ మెనూలో ఆటోఇన్‌పుట్ అని ఉంటుంది.

డోర్ నంబరు తేదీ అయిపోతే

మన ఇంటి నంబర్లు 12-3-85 లాగా ఉంటాయి. ఎక్సెల్‌కు అది ఇల్లు కాదు, 1985 మార్చి 12. సర్వే నంబరు 5-2 అని కొడితే ఫిబ్రవరి 5 అవుతుంది. సరేలే, తర్వాత మారుద్దామని ఆ సెల్‌ను టెక్స్ట్‌గా మారిస్తే ఇల్లు తిరిగి రాదు, 31118 అనే అంకె వస్తుంది. 1900 నుంచి లెక్కేసిన రోజుల సంఖ్య అది. అసలు నంబరు అప్పటికే పోయింది.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, వేగలేక శాస్త్రవేత్తలు ఆ పేర్లనే మార్చుకున్నారు. జన్యువులకు పేర్లు ఖరారు చేసే కమిటీ 2020లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. మార్చ్1 కాస్తా మార్చ్‌ఎఫ్1 అయింది, సెప్ట్1 సెప్టిన్1 అయింది.

2023లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్‌లో ‘ఆటోమేటిక్ డేటా కన్వర్షన్’ అనే సెట్టింగును అందరికీ ఇచ్చింది. ఫైల్, ఆప్షన్స్, డేటాలో ఉంటుంది. పాత ఎక్సెల్ ఉన్నవాళ్లకు కనిపించదు. అయితే అందులో తేదీల టిక్ తీసేసినా ఆగేది అక్షరాలు, అంకెలు కలిసిపోయి ఉన్నవే. మధ్యలో గీతలున్న డోర్ నంబర్లను అది కాపాడదు. వాటికి పాత పద్ధతే దిక్కు: ఏమీ కొట్టకముందే ఆ కాలమ్ మొత్తం సెలెక్ట్ చేసి, హోమ్‌లో ‘జనరల్’ అన్న చోట ‘టెక్స్ట్’ పెట్టండి. ఒకటి రెండు సెల్స్ అయితే నంబరు ముందు ఒంటి కొటేషన్ గుర్తు (') పెట్టినా చాలు. గూగుల్ షీట్స్‌లో ఫార్మాట్, నంబర్, ప్లెయిన్ టెక్స్ట్.

ఆధార్, ఖాతా నంబర్లు

12 అంకెల ఆధార్ కొడితే అది కుదించుకుపోయి, మధ్యలో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం, చివర +11 కనిపిస్తాయి. లోపల నంబరు అలాగే ఉంటుంది, కంగారు పడొద్దు. కానీ అదే రూపంలో సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేస్తే కనిపించేదే మిగులుతుంది, అసలుది పోతుంది.

ఖాతా నంబర్లతో ఇంకా జాగ్రత్త. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల ఖాతా కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది. ముందు సున్నాలున్న ఖాతా అయితే ఆ సున్నాలు ఎగిరిపోతాయి. ఒక్క అంకె తేడా వచ్చినా డబ్బు ఆగిపోవచ్చు, లేదా ఇంకొకరి ఖాతాకు పోవచ్చు. దీనికీ మందు అదే, ముందుగా టెక్స్ట్ పెట్టడం.

ఆకుపచ్చ త్రికోణం మాట వినొద్దు

టెక్స్ట్ పెట్టి ఆధార్ కొట్టాక సెల్ మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం వస్తుంది. నొక్కితే ‘కన్వర్ట్ టు నంబర్’ అంటుంది. తప్పు జరిగిందేమో అనుకుని నొక్కారా, ఇంతసేపు కాపాడుకున్నది మళ్లీ పాడవుతుంది. ఆప్షన్స్, ఫార్ములాస్‌లో కింద ఉన్న రూల్స్‌లో ‘నంబర్స్ ఫార్మాటెడ్ యాజ్ టెక్స్ట్’ అనే ఒక్క దాని టిక్ తీసేయండి. మిగతావి ఉండనివ్వండి. ఫార్ములా తప్పితే చెప్పేది అవే.

అలాగే బ్రాకెట్లలో ఇంగ్లీషు ‘సి’ కొడితే కాపీరైట్ గుర్తుగా మారడం చాలామందికి విసుగు. ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో ఆ వరుసను డిలీట్ చేస్తే సరి.

వీటిని మాత్రం ఆపొద్దు

సీఎస్‌వీ ఫైలు తెరిచేటప్పుడు మార్పులు జరగబోతున్నాయని చెప్పే హెచ్చరిక కూడా ఆ డేటా పేజీలోనే ఉంటుంది. దాని టిక్ ఉంచండి. అది అడిగినప్పుడు ‘డోంట్ కన్వర్ట్’ నొక్కండి. బయటి ఫైళ్లతో లింకులు అప్‌డేట్ చేయాలా అని అడిగేదాన్ని కూడా ఆపకండి. ఆపేస్తే అడక్కుండానే అప్‌డేట్ చేసుకుంటుంది. ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫైలు మ్యాక్రోల గురించి హెచ్చరిస్తే, పంపినవాళ్లకు ఫోన్ చేసి కనుక్కున్నాకే ముందుకు పోవాలి.

ఈ సెట్టింగులు ఎక్కువగా ఆ కంప్యూటర్‌కే పరిమితం. నెట్ సెంటర్‌లోనో ఇంకొకరి ల్యాప్‌టాప్‌లోనో పనిచేస్తే మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. జాబితా పంపేముందు పై నుంచి కొన్ని, మధ్య నుంచి కొన్ని, చివరి నుంచి కొన్ని వరుసలు తీసుకుని పాస్‌బుక్ జిరాక్స్‌లతో అంకె అంకె సరిచూడండి. పది నిమిషాల పని. అది చేయకపోతే ఆఫీసుల చుట్టూ తిరిగేది మీరు కాదు, జాబితాలో పేరున్న మనిషి.