జంట జన్యువులు – వెన్నెముక పుట్టుక

నీటిలోని చేప మొదలుకొని నింగి నెగురు గ్రద్ద వరకును, కప్ప మొదలుకొని మానవుని వరకును గల వెన్నెముక జీవుల సముదాయ మంతయు, 50 కోట్ల సంవత్సరములకు పైగా పూర్వము సముద్రమున నివసించిన, ఎముకలే లేని చిన్న ప్రాణుల వంశమునుండి వచ్చినదని జీవశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పుర్రెయు, దవడలును, కాలుసేతులును లేని ఆ వంశమునకు ఈ సంపద యంతయు ఎట్లు సంక్రమించెను? క్రొత్త అవయవములకు క్రొత్త జన్యువులు కావలయును గదా, అవి యెచ్చటినుండి వచ్చెను? ఈ ప్రశ్నకు 1970లో ‘ఎవల్యూషన్ బై జీన్ డూప్లికేషన్’ అను చిన్న గ్రంథమున సాహసోపేతమైన సమాధానము చెప్పినవాడు సుసుము ఓనో.

ఓనో జపాను దేశీయుడు. కొరియా జపాను పాలనలో నున్న కాలమున, 1928లో, సియోల్ నగరమున జన్మించెను. గుఱ్ఱములపై గల మక్కువ ఆయనను పశువైద్య విద్యకు నడిపించెను. పిదప అమెరికా చేరి, లాస్ ఏంజెలస్ సమీపమున డువార్టెలోని సిటీ ఆఫ్ హోప్ సంస్థయందు దశాబ్దముల తరబడి పరిశోధన సాగించెను. ఆడ క్షీరదముల కణములలో సూక్ష్మదర్శినికి కానవచ్చు నల్లని చుక్క, ముడుచుకొనిపోయిన ఒక ఎక్స్ క్రోమోసోమే యని 1959లో చూపినవారిలో ఆయన ముఖ్యుడు.

ఓనో వాదము సరళము. జీవికి అత్యవసరమైన జన్యువున మార్పు కలిగిన, ఆ జీవి సాధారణముగా బలహీనపడును, లేదా నశించును. కావున ప్రకృతి వరణము ఉన్నదానిని ఉన్నట్లు కాపాడుటయందే అధికముగా వ్యాపృతమై యుండును. కాని కణవిభజన సమయమున పొరపాటున ఒక జన్యువునకు రెండవ ప్రతి యేర్పడినచో స్థితి మారును. తాళపత్ర గ్రంథమునకు నకలు సిద్ధమైన పిమ్మట, మూలము భద్రముగా నుండగా, లేఖకుడు నకలుపై నిర్భయముగా దిద్దుబాటులు చేయగలిగినట్లు, మొదటి జన్యువు పాతపని నిర్వహించుచుండగా రెండవది మార్పులను స్వేచ్ఛగా కూడబెట్టుకొనును. అట్టి ప్రతులలో పెక్కు నిరుపయోగములై శిథిలమగును. ఏ కొన్నియో క్రొత్త విద్య నేర్చును.

ఈ భావమునకు పూర్వబీజములు లేకపోలేదు. 1930ల తొలినాళ్లలోనే జె.బి.ఎస్. హాల్డేన్ అను జీవశాస్త్రజ్ఞుడు దీనిని సూచించెను. ఆయన 1957లో భారతదేశమునకు వచ్చి, ఈ దేశపు పౌరుడై, 1964లో భువనేశ్వరమున మరణించెను. అయినను ఆ సూచనను జీవచరిత్ర నంతటిని వివరించు సిద్ధాంతముగా విస్తరించిన ఘనత ఓనోదే.

దీనికి నిదర్శనము మన నెత్తురులోనే కలదు. ప్రాణవాయువును మోయు హీమోగ్లోబిన్ అణువునందు ఆల్ఫా గొలుసులు రెండు, బీటా గొలుసులు రెండు ఉండును; ఈ రెండు తెగల జన్యువులును ఒకే మూలజన్యువు ప్రతులనుండి వచ్చినవే. ఆ బీటా తెగనుండియే చీలిన గామా అను జన్యువు గర్భస్థశిశువునందు పనిచేయును. గామా గొలుసుగల హీమోగ్లోబిన్ తల్లి హీమోగ్లోబిన్ కంటె గట్టిగా ప్రాణవాయువును పట్టుకొనును గనుకనే, మాయ ద్వారా తల్లి నెత్తురునుండి శిశువు తనకు కావలసిన వాయువును గ్రహింపగలుగుచున్నది. జన్మించిన కొలది నెలలకు గామా తప్పుకొనగా బీటా ఆ స్థానమును వహించును.

ఓనో ఇంతటితో ఆగలేదు. ఒక్కొక్క జన్యువు ప్రతులతో సరిపోదనియు, వెన్నెముక జీవుల ఆవిర్భావదశయందు జన్యురాశి యంతయు ఒక్కుమ్మడిగా రెట్టింపై యుండవలెననియు ఊహించెను. జన్యువుల అక్షరక్రమమును చదువు సాధనములు లేని ఆ దినములలో, ఆయన కణములలోని డీఎన్ఏ పరిమాణమును కొలిచి, క్రోమోసోములను లెక్కించి ఈ నిర్ణయమునకు వచ్చెను. మన చెరువులలో పెరుగు బంగారుతీగ చేపకు సుమారు 100 క్రోమోసోములుండగా, దాని దాయాదులైన కొన్ని చేపలకు సుమారు 50 మాత్రమే యుండుట ఆయన కంటబడిన ఆధారములలో నొకటి.

ఈ ఊహకు నిజమైన పరీక్షలో, వెన్నెముక జీవులకు దాయాదియైన ఆంఫియాక్సస్ అను ప్రాణి సాక్షిగా నిలిచెను. సముద్రపుటిసుకలో దేహమును దాచుకొని నోటిభాగమును మాత్రము వెలుపలికి పెట్టి, నీటిని వడగట్టి ఆహారము గ్రహించు ఈ అయిదారు సెంటీమీటర్ల పారదర్శకప్రాణికి వీపు పొడవున సాగు కడ్డీవంటి పృష్ఠవంశము (నోటోకార్డ్) ఉన్నది గాని వెన్నుపూసలు లేవు, పుర్రె లేదు, దవడలు లేవు. శరీరమున తల మొదలు తోక వరకు ఏ భాగ మెచ్చట నుండవలెనో నిర్దేశించు హాక్స్ జన్యువుల సమూహము దీని కొక్కటే కలదని 1994లో గార్సియా ఫెర్నాండెజ్, పీటర్ హాలండ్ అను పరిశోధకులు ప్రకటించిరి. మానవునకు అట్టి సమూహములు నాలుగు. ఒకటి రెండై, రెండు నాలుగైన లెక్క ఇది. 2008లో ఆంఫియాక్సస్ జన్యురాశి యంతయు ప్రచురితమైనప్పుడు, 17 ప్రాచీన క్రోమోసోముల ఆనవాళ్లు మానవ జన్యురాశియందు పలుతావుల నాలుగేసి వరుసలుగా కానవచ్చెను.

జన్యువులు పెరిగినంత మాత్రమున వెన్నెముక మొలచునని చెప్పరాదు. ఏ జన్యువు ఎప్పుడు మేల్కొనవలెనో నిర్ణయించు ఏర్పాటులు మారుటయు అంతే ముఖ్యము. ద్విగుణీకరణము జరిగిన కాలమును గూర్చి ఓనో వేసిన అంచనాలును పిదప సవరింపబడినవి. అయినను మూలభావము చెక్కుచెదరలేదు. 2000 జనవరిలో మరణించిన ఓనో ఆంఫియాక్సస్ జన్యురాశిని చూడలేదు. స్వల్పసాధనములతో ఇంతటి సత్యము నూహించిన ఆ మేధావి పేరును, డార్విన్ నెఱిగిన మన విద్యార్థులకు ఎఱిగింపవలసిన బాధ్యత జీవశాస్త్రము బోధించు ప్రతి అధ్యాపకునిపై నున్నది.