పండ్లంటే సోకు కాదు, బువ్వ

2021 ఎండకాలం యాదికున్నదా? కరోనా రెండో అల ఇంకా తగ్గనే లేదు, బ్లాక్ ఫంగస్ అని ఇంకో బీమారి మీద పడ్డది. హైదరాబాద్ కోఠిల ఉన్న ఈఎన్‌టీ దవాఖానను సర్కార్ దీనికోసం నోడల్ కేంద్రం చేసింది. షుగర్ అదుపుల లేనోళ్లకు, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినోళ్లకు ముక్కుల షురూ అయిన ఆ బూజు సైనస్‌లకు, దవడకు, కంటికి పాకింది. పానం నిలవాల్నంటే కుళ్లిన బొక్కను కోసి తీసుడే. అట్ల ఎంతోమంది మీది దవడ సగమో, మొత్తమో పోగొట్టుకొని ఇండ్లకు వచ్చిన్రు.

ఎంతమంది పోయిన్రు, ఎంతమంది బతికిన్రు అని లెక్కలు చెప్పిన్రు. బతికినోళ్లు ఏం తింటున్నరని ఎవ్వలు అడగలే. నాకు ఎరుకైన ఒక కాక నీళ్లు తాగితే ముక్కులకెల్లి వస్తుండె. మాట్లాడితే ఇంట్లోళ్లకు తప్ప ఎవ్వలకు సమజ్ కాకపోతుండె. నలుగుట్ల కూసొని తినలేక పెండ్లిళ్లకు పోవుడు బంద్ పెట్టిండు. ఒకకాడ "నీకు బొక్కనే లేదు, పండ్లు పెట్టరాదు" అన్నరు. ఇంకోకాడ "పెడతం గని లక్షలు కావాలె" అన్నరు. రెండింట్ల ఏది నిజం? రెండూ సగం సగం నిజమే. ఎట్లనో చూద్దాం.

బొక్క ఎందుకు కరుగుతది?

పన్ను దవడ బొక్కల నాటుకొని ఉంటది. మనం నమిలినప్పుడల్లా ఆ ఒత్తిడి బొక్కకు తగులుతది. పని ఉన్నన్ని దినాలు బొక్క నిలుస్తది. పన్ను పోతే పని పోయినట్టే. కట్ట మీది చెట్టు పీకేస్తే వానకు మట్టి జారినట్టు, బొక్క కరుగుతది. మొదటి ఏడాదిల్నే ఎక్కువ పోతది, తర్వాత నిమ్మళంగ పోతనే ఉంటది.

మీది దవడకు ఇంకో తిప్పల ఉన్నది. కింది దవడ బొక్క గట్టిది, మీదిది మెత్తగ ఉంటది. పైంగ వెనుక పండ్లకు మీదికెల్లి, చెంప లోపల, సైనస్ అనే గాలి అర ఉంటది. పండ్లు పోయినంక ఆ అర కిందికి పెరుగుతది, చిగురు దిక్కు బొక్క మీదికి అరుగుతది. రెండు దిక్కులకెల్లి అరిగితే ఆఖరికి కొందరికి గుడ్డు పెంకు అసోంటి పొర మిగులుతది.

అంటే ఇది బ్లాక్ ఫంగస్ వచ్చినోళ్ల ముచ్చట ఒక్కటే కాదు. చిగుర్ల బీమారి ముదిరినోళ్లు, గుట్కా, తంబాకు, షుగర్‌తోని పండ్లు రాలినోళ్లు, దవడకు క్యాన్సర్ ఆపరేషన్ అయినోళ్లు, బండి మీదికెల్లి పడి మొఖం పగిలినోళ్లు, ఏండ్లకేండ్లు పండ్లు లేకుండ ఉన్న ముసలోళ్లు – అందరూ ఈ లైన్లనే ఉన్నరు.

ఇంప్లాంట్ అంటే ఏంది?

టైటానియం లోహంతోని చేసిన చిన్న స్క్రూ. దవడ బొక్కల బిగిస్తే కొన్ని నెలలకు బొక్క దాన్ని తనల కలుపుకుంటది. దాని మీద పన్ను కడతరు. టైటానియంను బొక్క ఇట్ల పట్టుకుంటదని 1950లల్ల స్వీడన్ డాక్టర్ బ్రోనెమార్క్ కుందేలు కాలు మీద పరీక్షలు చేస్తుంటె బయటపడ్డది. 1965ల మనిషి దవడల మొదటిసారి పెట్టిండు.

మామూలు ఇంప్లాంట్ పొడుగు 8 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటది. అంత బొక్క లేకపోతే స్క్రూ దేన్ని పట్టుకోవాలె? అందుకే "నీకు బొక్క లేదు" అన్న మాట వస్తది. గని అక్కడితోని దారి మూసుకపోదు. మెట్లు ఉన్నయి.

మొదటి మెట్టు, బొక్క నింపుడు. సైనస్ అర అడుగున ఉన్న పొరను మెల్లగ మీదికి లేపి, దాని కింద బొక్క పొడి నింపుతరు. దీన్నే సైనస్ లిఫ్ట్ అంటరు. ఆ పొడి బొక్కగ మారెటందుకు నెలలు పడ్తది. ఓపిక కావాలె, ఖర్చు మధ్యరకం.

రెండో మెట్టు, ఏటవాలుగ పెట్టుడు. ముందర పండ్ల కాడ బొక్క మిగిలి ఉంటే ముందర రెండు స్క్రూలు నిటారుగ, వెనుక రెండు స్క్రూలు సైనస్‌ను తప్పిచ్చి వంచి పెడతరు. నాలుగు స్క్రూల మీద మొత్తం పండ్ల వరుస నిలవెడతరు. పోర్చుగల్ డాక్టర్ పౌలో మాలో దీన్ని పేరుకు తెచ్చిండు.

మూడో మెట్టు, చెంప బొక్క. దవడల బొక్క లేకున్నా కన్ను కింద చెంప బొక్క గట్టిగ ఉంటది. దీన్ని జైగోమా అంటరు. 30 నుంచి 50 మిల్లీమీటర్ల దాక పొడుగున్న స్క్రూను నోట్లకెల్లి ఆ బొక్కల దిగగొడతరు. క్యాన్సర్‌కో, దెబ్బకో మీది దవడ పోయినోళ్ల కోసం బ్రోనెమార్కే దీన్ని తయారు చేసిండు. మామూలుగ చెరో దిక్కు ఒక్కటి పెట్టి, ముందర చిన్న స్క్రూలు పెడతరు. ముందర కూడ బొక్క లేకుంటే చెరో దిక్కు రెండు పొడుగువే పెడతరు. దీనికి బొక్క నింపి నెలలకు నెలలు ఆగే పని చాలమందికి ఉండదు.

గని ఇది చిన్న పని కాదు. ఎక్కువగ మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్. స్క్రూ కంటి గూడు పక్కకెల్లి పోతది. తర్వాత సైనస్‌ల చీము పట్టుడు, చెంప తిమ్మిరెక్కుడు, నోటికి సైనస్‌కు నడుమ రంధ్రం పడుడు – ఇవన్నీ జరగొచ్చు. చెయ్యి తిరిగిన డాక్టరే చెయ్యాలె.

ఇంకొకటి ఉన్నది, దాన్ని చాలమంది చెప్పరు. దవడ తీసేసిన రంధ్రాన్ని మూసే పండ్ల ప్లేటు. పేరు ఆబ్ట్యురేటర్. పెట్టుకోవచ్చు, తీసి కడుక్కోవచ్చు. ఖర్చు చాల తక్కువ. నీళ్లు ముక్కులకు పోవుడు ఆగుతది, మాట తేటపడ్తది. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌ల సర్కార్ డెంటల్ కాలేజీ దవాఖాన ఉన్నది. పండ్లు కట్టే విభాగం ఎక్కడ అని అడగండ్రి. మా కాకకు మొదలు అక్కెరొచ్చింది ఈ ప్లేటే. ఇంప్లాంట్ సంగతి తర్వాత.

పైసలు కట్టేముందు అడగాల్సినయి

ఫోన్ల "ఒక్క దినంల పండ్లు" అని వీడియోలు వస్తయి. అది మొత్తం అబద్ధం కాదు. స్క్రూ గట్టిగ పడితే కొన్ని దినాలల్ల పండ్లు బిగిస్తరు. గని అవి చాలసార్లు తాత్కాలికం పండ్లు. కొన్ని నెలలు మెత్తటి తిండే తినాలె. అసలు పండ్లు తర్వాత పెడతరు. ఈ ముక్క వీడియోల ఉండదు.

అమ్మనో నాయిననో తోలుకపోయేది మీరే కాబట్టి ఇవి అడగండ్రి. ఒకటి, సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీసిన్రా, బొక్క ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నది? ఉత్త ఎక్స్‌రే చూసి ఖరారు చేస్తే ఆగండ్రి. రెండు, కింది మెట్టుతోని కాదా, మీది మెట్టు ఎందుకు? మూడు, చెప్పిన రేటుల ఆఖరు పండ్లు ఉన్నయా, స్క్రూలకేనా? నాలుగు, స్క్రూ పడకుంటే ఏం చేస్తరు, పైసలు ఎవలు పెట్టుకోవాలె? ఐదు, ఇసోంటి కేసులు ఇంతకుముందు ఎన్ని చేసిన్రు? స్క్రూ డబ్బా మీది కంపెనీ పేరు, నంబర్ ఉన్న స్టిక్కర్ అడిగి దాసుకోండ్రి. పదేండ్లకు ఒక భాగం మార్చాల్సి వస్తే అదే ఆధారం.

షుగర్ ఎంత ఉన్నదో దాయొద్దు. బొక్కల బలం కోసమో, క్యాన్సర్ కోసమో సూదులు తీసుకుంటే తప్పక చెప్పండ్రి, కొన్నింటితోని దవడ గాయం మానదు. బ్లాక్ ఫంగస్ వచ్చినోళ్లు బీమారి పూర్తిగ పోయిందని డాక్టర్ చెప్పినంకనే ఇంప్లాంట్ దిక్కు పోవాలె. తంబాకు, సిగరెట్ ఇడవకుంటే స్క్రూ నిలుసుడు కష్టం.

సర్కార్‌ను ఏం అడగాలె?

పండ్లను సోకు లెక్క చూసుడే అసలు తప్పు. పండ్లు లేనోడు జొన్నరొట్టె తినలేడు, మాట చెప్పలేడు, కూలికి పోతే బలం ఉండదు. దవడ తీసుడు వైద్యం అయితే దవడ నింపుడు కూడ వైద్యమే. కాలు పోయినోనికి జైపూర్ కాలు ఇచ్చినట్టు, దవడ పోయినోనికి ప్లేటు, అవసరమున్నోనికి ఇంప్లాంట్ ఇయ్యాలె. ఆరోగ్యశ్రీల ఏది వస్తది, ఏది రాదు అని దవాఖానల ఆరోగ్యమిత్ర కాడ అడిగి కాయితం మీద రాపిచ్చుకోండ్రి. రాదంటే ఆ కాయితం పట్టుకొని ఎమ్మెల్యే కాడికి, ప్రజావాణికి పోదాం.

మీ ఊర్ల మొఖానికి తువ్వాల అడ్డం పెట్టుకొని మాట్లాడే మనిషి ఒక్కలన్న ఉంటరు. ఇయ్యాల పోయి వాళ్ల పక్కన కూసోండ్రి. ఏం తింటున్నరో అడుగుండ్రి.